బకెట్ వద్దు నాయనా, బిందె ఎత్తించు

ప్రశ్న: మేడమ్ గారూ, మాది ప్రకాశం జిల్లా దర్శి దగ్గర పల్లె. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా టెన్త్ బ్యాచ్ వాళ్లం 42 మందిమి వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. మేము చదివిన హైస్కూల్లో మంచినీళ్ల ప్లాంటు పాడై రెండేళ్లయింది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, పిల్లలు ఇళ్ల నుంచి బాటిళ్లు మోసుకొస్తున్నారు. ఊళ్లో ఉన్న చిన్న ట్రస్టు వాళ్లు కొత్త ప్లాంటు పెట్టిస్తామన్నారు, 3 లక్షల 20 వేలు కావాలన్నారు. ఐస్ బకెట్ ఛాలెంజ్ లాంటిది ఒకటి ఇన్‌స్టాలో పెట్టి వైరల్ చేద్దామని మా ఆలోచన. డబ్బులు నా ఫోన్‌పేకి వేయించుకుంటే సులువని ఫ్రెండ్స్ అంటున్నారు. అమెరికాలో ఉన్న నలుగురు బ్యాచ్‌మేట్లు కూడా పంపుతామన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. సలహా ఇవ్వండి.

సమాధానం: నాయనా, నీ ఉత్తరం చదవగానే ముందు నవ్వొచ్చింది, తర్వాత భయం వేసింది. తాగడానికి నీళ్లు లేవు, చందా ఇవ్వండి అని అడుగుతూ నెత్తిన బకెట్టు నీళ్లు కుమ్మరించుకుంటే, ఆ వీడియో మీ ఊళ్లో ఏ అవ్వ కంటబడినా చీపురు తీస్తుంది. అందుకు నవ్వు. భయం ఆ ఫోన్‌పే మాటకి. దాని సంగతి కాసేపాగి చెప్తా.

ఆ ఐస్ బకెట్ 2014 నాటి ముచ్చట. ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు కోసం అమెరికాలో ఎత్తారు. ఆ ఒక్క వేసవిలో అక్కడి ఏఎల్ఎస్ సంఘానికి 11 కోట్ల 50 లక్షల డాలర్ల దాకా వచ్చాయి. అప్పుడే కాలిఫోర్నియాలో కరువు, నీళ్లు పారబోస్తారా అని జనం అక్కడ కూడా తిట్టారు. అదే ఏడాది మన హైదరాబాద్‌లో దాన్ని రైస్ బకెట్‌గా మార్చేశారు. నెత్తిన పోసుకోవడం లేదు, ఒక బకెట్ బియ్యం తీసుకెళ్లి లేనివాళ్ల చేతిలో పెట్టడమే. నన్నడిగితే ఆ మార్చినవాళ్లకే ఎక్కువ తెలివి ఉంది. చేసే పనిలోనే అవసరం కనబడింది కదా. నువ్వూ అలాంటిదే వెతుక్కోవాలి.

మీ ఊరికి వెతకాల్సిన పనే లేదు, బిందె ఉంది. మీ వైపు నీళ్ల కథ కొత్తదేం కాదు. ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంకర్లు పోవడాన్ని మన దేశంలో మొదటిసారి గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. దర్శి అప్పుడు మా జిల్లాలోదే, 1970లో ఒంగోలు జిల్లా (ఇప్పటి ప్రకాశం) ఏర్పడినప్పుడు అటు పోయింది. అంటే మీ అవ్వల అవ్వల కాలం నుంచీ మంచినీళ్ల కోసం నడుస్తూనే ఉన్నారు. కాబట్టి ఛాలెంజ్ ఇది: నిండు బిందె నడుం మీద పెట్టుకుని రెండొందల అడుగులు నడవాలి. నీళ్లు తొణక్కూడదు. చివర ఆ నీళ్లు చెట్టుకో, గేదెల తొట్టికో పోయాలి. అంతే.

వినడానికి తేలికే. ఒకసారి నువ్వు ఎత్తి చూడు. మొదటి యాభై అడుగులు నవ్వుతూ నడుస్తావు. వంద దాటేసరికి బిందె అంచు నడుం ఎముక మీద ఒరుసుకోవడం మొదలవుతుంది. చెయ్యి మార్చుకుందామంటే నీళ్లు ఒక పక్కకి ఒరిగి చొక్కా మీద పడతాయి. నూట యాభైకి మొహంలో నవ్వు పోతుంది. ఆ మొహం మారడమే నీ వీడియో. దాని కింద ఫ్లోరైడ్ గురించి పేరాలు పేరాలు రాయక్కర్లేదు. జిమ్‌కి పోయే కుర్రాడు నూటనలభైకి దించేసి, పక్కనే వాళ్లమ్మ అదే బిందె నెత్తిన పెట్టుకుని చుట్టకుదురు కూడా లేకుండా చకచకా నడిచిపోతే, ఆ ఒక్క వీడియో చాలు మీ ఊరు ఊరంతా షేర్ చేయడానికి.

బెంగళూరు అపార్ట్‌మెంట్లో బిందె ఎక్కడిది అంటారు. ఇరవై లీటర్ల క్యాను ఉంది కదా, లిఫ్టు ఎక్కకుండా మూడంతస్తులు మోయమను. నడుం నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు, పెద్దవాళ్లు ఏమీ మోయొద్దు. కుర్చీలో కూర్చుని, చిన్నప్పుడు నీళ్లకి ఎక్కడికి పోయేవాళ్లో అర నిమిషం చెబితే చాలు. నా అనుభవంలో ఇలాంటివే ఎక్కువ మంది చివరిదాకా చూస్తారు. ఎండాకాలం అయితే పొద్దున ఏడులోపు, లేదా సాయంత్రం ఎండ దిగాక అని ముందే చెప్పు. ఎవడో ఒకడు మిట్టమధ్యాహ్నం సాహసం చేసి పడిపోతే ప్లాంటు మాట అటుంచి ఆసుపత్రికి చందా ఎత్తాల్సొస్తుంది. వీడియోకి సినిమా పాట పెట్టొద్దు. పాటల హక్కుల గొడవతో శబ్దం తీసేస్తుంటారు. అయినా బిందెలో నీళ్ల చప్పుడు కంటే మంచి సంగీతం ఏముంది దీనికి?

నడక అయ్యాక ప్రతి ఒక్కరూ మూడు ముక్కలు చెప్పాలి. ఇది ఏ స్కూలు కోసం, నేను ఎంత వేశాను, ఇప్పుడు ఎవరు చేయాలి. ఈ మూడోది వదిలేస్తే నీ ఛాలెంజ్ మూడో రోజుకి చచ్చిపోతుంది. మా నెల్లూరు రొట్టెల పండగ చూశావా? బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నిలబడి, చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇల్లు రొట్టె అని ఒకరి దగ్గర పుచ్చుకుంటారు. కోరిక తీరాక మళ్లీ ఏడాది వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇస్తారు. గాల్లోకి విసిరితే ఎవరూ పట్టుకోరు, ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకే పోతుంది. నామినేషన్, అంటే తర్వాత ఎవరు చేయాలో పేరు చెప్పడం కూడా అంతే. "అందరూ చేయండి ఫ్రెండ్స్" అంటే ఎవరూ చేయరు. "ఒరేయ్, ఎనిమిదో తరగతిలో నా వాటర్ బాటిల్ పగలగొట్టిన బాకీ ఉంది నీకు, రేపు సాయంత్రంలోపు బిందె ఎత్తు" అంటే చేస్తాడు. వీడియోలో పేరు చెప్పి ఊరుకోకుండా ఫోన్ కూడా చేయాలి. పేరు చెప్పేటప్పుడు సినిమా హీరోలనీ ఎమ్మెల్యేలనీ ట్యాగ్ చేయొద్దు. వాళ్లు చూడరు, అక్కడితో గొలుసు తెగిపోతుంది. ఫోన్ ఎత్తేవాళ్ల పేర్లే చెప్పాలి.

అందుకే వైరల్ మీద ఆశ పెట్టుకోవద్దంటాను. ముక్కూమొహం తెలియనివాళ్లు లక్ష మంది చూస్తే లక్ష లైకులు వస్తాయేమో గానీ వెయ్యి రూపాయలు రావడం కష్టం. నిన్ను ఎరిగినవాడే డబ్బు వేస్తాడు.

ఇప్పుడు డబ్బు సంగతి. నేను ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటర్ వెనక కూర్చున్నదాన్ని, అయినా ఈ తప్పు నేనే చేశాను. 2021 నవంబరులో పెన్న పొంగి, పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు కోసుకుపోయిన వరదలు గుర్తున్నాయా? మా వీధివాళ్లం కలిసి దుప్పట్లు, బియ్యం కొనడానికి చందాలు ఎత్తాం. తొందరలో నా నంబరుకే వేయించుకున్నాం. బ్యాంకు మనిషిని, నాకు తెలియని లెక్కా అనుకున్నా. వారం తిరిగేసరికి అదే అకౌంట్లో నా పెన్షను పడింది, గ్యాసు డబ్బు పోయింది, మనవడి స్కూలు ఫీజు పోయింది. చందాల ఎంట్రీలు రెండొందల పైచిలుకు. ఒకాయన వచ్చి "నా రెండు వేలు జాబితాలో లేవేంటమ్మా?" అన్నాడు. చూస్తే ఆయన భార్య ఫోన్ నుంచి వేశాడు, ఆమె పేరు మీద ఉంది. మూడు రాత్రులు స్టేట్‌మెంట్ ముందేసుకుని స్కేలు పెట్టి గీతలు కొట్టుకుంటూ కూర్చున్నా. చివరికి 1,350 తేడా వస్తే చేతి నుంచి వేశాను. అయినా మా వీధిలో ఒకాయన ఇప్పటికీ నన్ను చూసి అదోరకంగా నవ్వుతాడు.

నీకు ఇంకో ప్రమాదం కూడా ఉంది. సైబర్ మోసాల డబ్బు చేతులు మారుతూ ఎవరెవరి అకౌంట్లలోకో వస్తుంటుంది. అందులో ఒక ఐదు వందలు దాత రూపంలో నీ దాంట్లో పడినా, పోలీసు ఫిర్యాదుతో బ్యాంకు ఆ అకౌంటును ఆపే అవకాశం ఉంది. నీ జీతం, ఈఎంఐ అన్నీ అందులోనే ఉంటాయి. వద్దు నాయనా.

డబ్బు నేరుగా ట్రస్టు బ్యాంకు ఖాతాకే పోవాలి, ట్రస్టు క్యూఆర్ కోడే పోస్టరు మీద ఉండాలి. ముందు నువ్వు ఒక రూపాయి వేసి చూడు. స్కాన్ చేస్తే ట్రస్టు పేరు పడాలి, సెక్రటరీ గారి పేరో వాళ్లబ్బాయి పేరో పడిందంటే అక్కడే ఆగు. ఆ పేరును పోస్టరు మీద పెద్ద అక్షరాల్లో రాయి, ఈ పేరు కనబడితేనే వేయండి అని. ఎందుకంటే నాలుగు రోజులు సందడి కాగానే ఎవడో ఒకడు మీ పోస్టరులో క్యూఆర్ మార్చి తనది అతికిస్తాడు. అలా ఎవరైనా మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయమను. డబ్బు తీసుకోవడానికి పిన్ కొట్టక్కర్లేదన్న సంగతి ట్రస్టు పెద్దాయనకి కూడా ఒకసారి చెప్పి ఉంచు. "విరాళం పంపిస్తున్నా, పిన్ కొట్టండి" అనే ఫోన్లు ఆయనకే వస్తాయి.

ట్రస్టు వాళ్లని మొహమాటపడకుండా అడగాల్సినవి ఉన్నాయి. రిజిస్ట్రేషన్ పత్రం, ట్రస్టు పేరున పాన్ కార్డు, ఖాతా మీద ఎంతమంది సంతకం చేస్తారు. ఒక్కరే చేసేట్టుంటే ఇద్దరిని చేయించు. 80జి అని మనం పిలుచుకునే పన్ను మినహాయింపు ఉందో లేదో కనుక్కో. ఉంటే వేసినవాళ్ల పాన్ నంబరు తీసుకోవాలి, నగదు అయితే 2,000 దాటితే ఆ మినహాయింపు రాదు. కొత్త పన్ను పద్ధతిలో ఉన్నవాళ్లకి ఎలాగూ రాదు. మీ బ్యాచ్‌లో సగం మంది అందులోనే ఉంటారు కాబట్టి దీని మీద మరీ బుర్ర బద్దలు కొట్టుకోకు.

అమెరికా వాళ్ల దగ్గర మాత్రం జాగ్రత్త. విదేశీ విరాళాల చట్టం ఒకటుంది, ఎఫ్‌సీఆర్‌ఏ అంటారు, 2010 నాటిది. దాని కింద రిజిస్టరై, లేదా ముందస్తు అనుమతి తీసుకుని, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ప్రత్యేక ఖాతా ఉన్న సంస్థలే విదేశీయుల నుంచి విరాళం తీసుకోవాలి. మీ ఊరి చిన్న ట్రస్టుకి అది ఉండే అవకాశం తక్కువ. ఇక్కడ చూడాల్సింది ఏ దేశంలో ఉంటున్నారన్నది కాదు, ఏ పాస్‌పోర్టు ఉందన్నది. గ్రీన్‌కార్డు వచ్చినా ఇండియా పాస్‌పోర్టే ఉన్నవాడు తన సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు పెట్టుకున్నవాడు పంపితే అవుతుంది, వాడు మీ బెంచీలో కూర్చున్నవాడైనా సరే. "మా నాన్న అకౌంటుకి పంపి ఆయనతో వేయిస్తాలే" అంటాడు. ఆ దొడ్డిదారి కూడా వద్దు, రేపు ఇబ్బంది పడేది ట్రస్టు. వాడిని బిందె ఎత్తి వీడియో పెట్టమను, ఇక్కడ ఉన్న పది మందికి ఫోన్లు చేయమను. అదీ తక్కువ సాయం కాదు.

ఎంత వేయమనాలి? మన వాళ్లకి 116, 516, 1,116 అలవాటే కదా, అవే పెట్టు. శుభం అని మాత్రమే కాదు, ట్రస్టు స్టేట్‌మెంటులో చివర 16 ఉన్నవన్నీ మీ ఛాలెంజ్ డబ్బులని ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఇది ఎవరో చెప్పింది కాదు, ఆ మూడు రాత్రుల తర్వాత నాకు తట్టింది. లెక్క చూపడానికి కూడా పెళ్లి చదివింపుల కంటే మంచి పద్ధతి నేను చూడలేదు. బల్ల దగ్గర ఒకరు పుస్తకం పట్టుకుని రాస్తారు, ఇంకొకరు మైకులో పేరూ మొత్తమూ చదువుతారు. పక్క ఊరివాడి పేరు వినబడగానే వెనక వరసలో ఉన్న మామయ్య జేబు తడుముకుంటాడు. రోజూ రాత్రి ఎనిమిదికి మీ గ్రూపులో, పేజీలో ఆ రోజు చదివింపులు పెట్టండి. పేరు వద్దన్నవాళ్లకి "మిత్రుడు" అని రాయండి. రాసేవాళ్లు, చదివేవాళ్లు ఇద్దరూ వేరు మనుషులై ఉండాలి. నువ్వు రెండూ నెత్తిన వేసుకుంటే నాలుగో రోజుకి ఆఫీసు పనీ పోతుంది, ఇదీ పోతుంది.

ఇప్పుడు కూడికలు చేద్దాం. ఛాలెంజ్ మొదలుకాక ముందే, చప్పుడు లేకుండా, మీ బ్యాచ్‌లో బాగా సంపాదిస్తున్న ఇరవై మందిని తలా 5,116 అడుగు. అది 1,02,320. మొదటి వీడియో బయటికి వచ్చే రోజుకి దాదాపు మూడో వంతు చేతిలో ఉంటుంది. ఖాళీ హుండీలో మొదటి రూపాయి వేయడానికి ఎవరూ ముందుకు రారు, ఇది గుడిలో చూసేదే. ఇక మీ 42 మందిలో ఒక్కొక్కరు పది మందిని పట్టుకుని తలా 516 వేయిస్తే 2,16,720. రెండూ కలిపితే 3,19,040. పది మంది అంటే అన్నావదినలు, ఆఫీసులో పక్క సీటువాడు, పాత రూమ్మేట్. ఇన్‌ఫ్లుయెన్సర్ అక్కర్లేదు, కాల్ లిస్టు చాలు. నలుగురు చేయకపోతే మిగతావాళ్లు పదకొండు పన్నెండు మందిని పట్టుకోవాల్సొస్తుంది, ఆ జాబితా కూడా ముందే రాసుకో.

అసలు వీటన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, నీ ఉత్తరంలో అది లేదు. పాత ప్లాంటు ఎందుకు పాడైంది? చాలా ఊళ్లలో మిషను చెడిపోయి ఆగదు, లోపలి వడపోత పొర మార్చేవాళ్లు లేక, కరెంటు బిల్లు ఎవరు కట్టాలో తేలక ఆగుతుంది. మీ స్కూల్లోనూ అదే జరిగి ఉంటే, కొత్తదానికీ రెండేళ్లలో అదే గతి. ఆ 3 లక్షల 20 వేలలో రెండేళ్ల మెయింటెనెన్స్ ఉందా, కాగితం మీద రాసిచ్చారా కనుక్కో. వడపోతలో బయటికి వచ్చే వ్యర్థపు నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువగా ఉంటుంది, వాటిని ఎటు పంపుతారో కూడా అడుగు. మొత్తం పెరిగితే ఇప్పుడే పెంచి చెప్పు, మధ్యలో పెంచితే జనం అనుమానిస్తారు. అలాగే తక్కువ పడితే ఏం చేస్తారు, ఎక్కువ వస్తే ఏం చేస్తారు అన్నది మొదటి పోస్టులోనే రాసి పెట్టు.

స్కూల్లో వీడియో తీయాలంటే హెడ్మాస్టరు గారి అనుమతి రాతపూర్వకంగా తీసుకో. పిల్లల మొహాలు చూపించొద్దు, ఫ్లోరైడ్‌తో పళ్ల మీద పడ్డ మరకలు దగ్గరగా తీసి పెట్టొద్దు. ఆ పిల్ల రేపు పెళ్లీడుకి వచ్చినా ఆ వీడియో అలాగే ఉంటుంది. దానికి బదులు తరగతి కిటికీలో వరసగా పెట్టుకున్న బాటిళ్లు తియ్యి. పాత కూల్‌డ్రింకు సీసాలు, పేరు రాసిన టేపు ముక్కలు, మూత పోయి ప్లాస్టిక్ కవరు కట్టినది ఒకటి. మధ్యాహ్నం అన్నం బెల్లుకి అవి ఎంత ఖాళీ అయ్యాయో ఇంకోసారి తియ్యి.

ఎప్పుడు పెట్టాలంటే, మార్చి 22 నీటి దినోత్సవం అని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు పదో తరగతి పరీక్షలు నడుస్తుంటాయి, టీచర్లు నీ మాట వినే స్థితిలో ఉండరు. ఏప్రిల్ మొదటి వారం మేలు. జీతాలు పడి ఉంటాయి, ఊళ్లో పొగాకు వేలం డబ్బులు తిరుగుతుంటాయి, ఎండలు ముదిరి అందరి నోటా నీళ్ల మాటే ఉంటుంది. పది రోజులు చాలు, పన్నెండో రోజు కూడా సాగదీస్తే అలుసైపోతావు. నాలుగో రోజుకి, ఐదో రోజుకి సందడి తగ్గుతుంది, కంగారు పడకు. ఆ రోజులకని రెండు మూడు మంచి వీడియోలు దాచుకో. మీకు లెక్కలు చెప్పిన రిటైర్డ్ మాస్టారు బిందె ఎత్తకపోయినా "నా స్టూడెంట్లలో ఇంకా వేయనివాళ్లు నిలబడండి" అంటే చాలు.

నా కూడికల్లో 3,20,000కి 960 తక్కువ వచ్చింది చూశావా. దానికి 56 కలిపి 1,016 నా పేరున రాసుకో. ట్రస్టు క్యూఆర్ పంపించు, స్కాన్ చేసినప్పుడు ఏ పేరు పడుతుందో చూసే వేస్తాను.